అమ్మ నీడ గోడ మీద ఉంటుంది

జనవరి 6, సోమవారం

తప్పు మీది. ఇంకొకరి డైరీ తెరిచి చదివేంత తీరిక ఉన్న మీదే. పిల్లల చదువు సంగతి ఇంట్లో ఆడవాళ్లు చూసుకుంటారులే అని కాళ్లు చాపుకుని కూర్చున్నది మీరు. ఆ ఆడవాళ్లు ఇంట్లో లేరన్న సంగతి కూడా గమనించనిది మీరు.

నిజానికి ఇది ఎవరి కోసమూ రాయడం లేదు. పత్రికలకు వ్యాసాలు రాసీ రాసీ ఎవరినో ఒకరిని తిట్టందే నా కలం కదలదు.

మా పాప పిడుగు ఇవాళ ప్లే స్కూల్ నుంచి ఒక షీటు తెచ్చింది. నాలుగేళ్లు దానికి. ఇంట్లో సైన్స్ అట. వారానికొకటి తల్లిదండ్రులతో కలిసి చేయాలి. ఈ వారం నీడ. అమ్మ, నాన్న, పాప పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే చోట నిలబడాలి. ఒకరి నీడ చుట్టూ ఒకరు చాక్‌పీసుతో గీత గీయాలి. ఎప్పుడు పొడుగో, ఎప్పుడు పొట్టో పాప చూసి చెప్పాలి.

మంచి పనే. మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఉండే అమ్మ ఎక్కడ దొరుకుతుందో కూడా కింద రాసి ఉంటే ఇంకా బాగుండేది.

జనవరి 7, మంగళవారం

మా ఆవిడ పని మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్. కిటికీల్లేని హాలు. ఈ చలికాలంలో తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కుతుంది, చీకటి పడ్డాక దిగుతుంది. ఆదివారం సెలవు ఉండేది. అర్జెంటు ఆర్డరని అదీ తీసేశారు. నేను ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటాను కనక పిడుగు నా పాలబడింది.

ముందు నీకు తెలిసింది చెప్పవే అన్నాను. నాన్న నీడ నేల మీద ఉంటుంది, అమ్మ నీడ గోడ మీద ఉంటుంది అంది.

నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. అది వాళ్లమ్మను చూసేది ట్యూబ్‌లైటు కింద. చూసిందే చెప్పింది. సైన్స్ అంటే అదే కదా! తప్పు అని నేను చెప్పొచ్చు. నాన్న చెప్పాడని నమ్మితే అది సైన్స్ ఎలా అవుతుంది? చూపించాలి. అందుకు ఆవిడ ఒక్కసారి పగటిపూట ఈ గుమ్మం ముందు నిలబడాలి.

నేను మాత్రం ఆవిడను ఎండలో చూసి ఎన్నాళ్లయింది? తల ఎంత నెరిసిందో ట్యూబ్‌లైటు కింద తెలియదు.

జనవరి 8, బుధవారం

టీచరమ్మతో పోట్లాడి వచ్చాను. మీ షీటు పగలు తీరిక ఉండే ఇళ్లకు రాసిందండీ అన్నాను. శ్రమ, కాలం, వర్గం అన్నీ చెప్పాను. ఆవిడ పిల్లల బూట్లు జత చేసుకుంటూ అంతా విన్నది. సార్, మా క్లాసులో సగంమంది నానమ్మలతో చేస్తున్నారు, ఒకడు వాచ్‌మన్‌తో చేశాడు, నేనేమైనా అన్నానా అంది. షీటు మార్చమంటే ఇప్పుడే మారుస్తాను, మీ పాపకి అమ్మే కావాలంటే నన్నేం మార్చమంటారు చెప్పండి అంది.

షీటు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. దారంతా ఒళ్లు మండింది.

జనవరి 9, గురువారం

శనివారం పంటినొప్పని చెప్పి సగం రోజు తెచ్చుకుంటానంది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు. పిల్ల చదువు కోసం సెలవు హక్కు, దానికి అబద్ధం ముసుగెందుకు? లీవ్ లెటర్ నేనే రాసిచ్చాను. మూడు పేజీలు వచ్చింది. బస్సు హారన్ కొడుతుంటే చదవకుండానే బ్యాగులో కుక్కుకుని పరిగెత్తింది.

అదే రోజు, రాత్రి

ఇంటికొచ్చి ఆవిడ చెప్పులైనా విప్పలేదు. షిఫ్ట్ ఇన్‌చార్జి ఆ లెటర్ అందరి ముందూ పైకి చదివాడట. వెలుతురు మీద కార్మికుల హక్కు అన్నచోట ఆగి, ఏమ్మా, మీ ఆయన లీవ్ అడుగుతున్నాడా, ఎలక్షన్లో నిలబడుతున్నాడా అన్నాడట. హాలంతా ఒకటే నవ్వు. లీవ్ లేదు. పక్క టేబులమ్మాయికి పంటినొప్పికి ఇచ్చాడట.

మహానుభావా, నీ వ్యాసాలు పత్రికలో రాసుకో, నా ఉద్యోగం మీద రాయకు అంది. నేను రాసిందాంట్లో తప్పేముంది అన్నాను. తప్పేం లేదు, అందుకే ఇవ్వలేదు అంది.

జనవరి 10, శుక్రవారం

ఇంట్లో మాటల్లేవు. గిన్నెలే మాట్లాడుకుంటున్నాయి.

జనవరి 11, శనివారం, మధ్యాహ్నం

పొద్దున మేమిద్దరం గుమ్మం ముందు గీసుకున్నాం. నా నీడకు పిడుగు ఆరు వేళ్లు పెట్టింది. మధ్యాహ్నం మళ్లీ నిలబడేసరికి ఇద్దరం కుంచించుకుపోయాం. అప్పుడే నా ఫోన్ మోగింది. వీడియో కాల్.

ఫ్యాక్టరీ గేటు బయట, నడి ఎండలో మా ఆవిడ. నీలం టోపీ ఇంకా తలమీదే ఉంది. తిండి మానుకుని వచ్చిందట. సెక్యూరిటీ ఆయన గొంతుక్కూర్చుని ఆవిడ కాళ్ల దగ్గర ఇటుకముక్కతో గీస్తున్నాడు. కదలకమ్మా, ముక్కు వంకరొస్తోంది అంటున్నాడు. అన్నా, నీడకి ముక్కెక్కడిది అని ఆవిడ నవ్వుతోంది. ఎండకు కళ్లు చికిలించుకుని, చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కణతల దగ్గర బాగా నెరిసింది.

పిడుగు ఫోన్‌లోకి దూరిపోయింది. అమ్మ నీడ కూడా నేల మీదే ఉంది అని కేక. పొట్టిగా ఉంది, మనకి లాగే!

ఏదో చెప్పాలనుకున్నాను. లోపలికి రమ్మని ఎవరో పిలిచారు. ఫోన్ ఆగిపోయింది.

అదే రోజు, సాయంత్రం

మా నీడలు రోడ్డు దాటి ఎదురింటి గోడెక్కాయి. పిడుగు గీయడం మానేసి అడిగింది. నాన్నా, అమ్మ నీడ కూడా ఇప్పుడు పొడుగైందా? అయుంటుంది అన్నాను. ఇంకా ఇంకా పొడుగైతే మనింటిదాకా వస్తుందా?

పిల్లలకు అబద్ధం చెప్పకండి అని సభల్లో బల్ల గుద్ది చెప్పిన మనిషిని నేను. రాదు అన్న రెండక్షరాలు నోటికి రాలేదు. చూద్దాం అన్నాను.

మెట్టు మీద కూర్చున్నాం. వీధి మలుపు వైపే చూస్తోంది. ఎండ గోడను వదిలింది, చెట్టును వదిలింది, పోయింది. నీడలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చీకటి పడింది. అది నా చేయి పట్టుకుని, వచ్చేసింది నాన్నా, ఎంత పెద్దదో, వీధంతా అమ్మే అంది.

దిద్దడం నా వృత్తి. దిద్దలేదు.

జనవరి 12, ఆదివారం

ఆవిడ డ్యూటీకే వెళ్లింది. వెళ్తూ, సెక్షన్‌లో అందరం కలిసి అర్జీ ఇస్తాం, ఒక్క పేజీలో రాసిపెట్టు, విశేషణాలొద్దు, సంతకాలు మావి, నీది అక్కర్లేదు అంది. రాశాను.

1. ఆదివారం సెలవు తిరిగి ఇవ్వాలి. ఆర్డర్ల పేరుతో తీసేయకూడదు.
2. చలికాలంలో షిఫ్ట్ ఎండ ఉండగా ముగియాలి.
3. మధ్యాహ్నం బయటికి వెళ్లడానికి ఎవరినీ అడగనక్కర్లేకుండా ఉండాలి.
4. పిల్లల స్కూలు పనికి నెలకు ఒక పూట సెలవు ఇవ్వాలి. కారణం అడగకూడదు.
5. ఇవేవీ ఇప్పుడు కుదరవంటే, ముందు ఒక్క సాయంత్రం.