కణానికి ఏడ్చిన ఇల్లు

నా ఒంటెపిల్ల రాబిగకు, నీ అవ్వ రాసేది.

నువ్వూ మీ నాన్నా ఒకే కొండ మీద ఉన్నారులే అని మనసుకు సర్దిచెప్పుకుంటున్నాను. నువ్వు ఆ పరిశోధన కేంద్రంలో, వాడు దారిలో మంచు తోసే బండి మీద. కానీ నా కొడుకు సెయిత్ చేతిరాత చూసి చాలా రోజులైంది. వాడు బాగున్నాడా? ఒక్క ముక్క రాయమను.

పక్కింటి కుల్జమాల్ వచ్చి గుండెలో రాయి వేసి పోయింది. "ఏమే ఉల్బోసిన్, నీ మనవరాలు ఆకాశం నుంచి రాలే కణాలు ఏరుతోందట! అవి ఒంట్లోంచి దూరిపోతాయటే! రేపు పిల్లలు పుడతారో లేదో చూసుకో" అంది. నిజమేనా తల్లీ? నొప్పి పెడతాయా? ఎక్కడ పుడతాయి, ఎక్కడ పోతాయి? కొండ మీద కాలం రవ్వంత తొందరగా నడుస్తుందని కూడా రాశావు. అలాగైతే నాకంటే ముందు మీ నాన్న ముసలివాడైపోతాడా? నాకు పెద్ద చదువు లేదు, అర్థమయ్యేలా రాయి. తల కప్పుకోకుండా బయట తిరగకు.

నీ కోసం దిగులుపడే అవ్వ

అవ్వా, నా ప్రాణమా,

నీ ప్రశ్నలు మా పెద్దసారుకు చదివి వినిపిస్తే ఆయన నవ్వలేదు. "ఇవే మా ప్రశ్నలు కూడా" అన్నారు. విను. చాలా ఎత్తున, గాలిలో ఒక కణం పుడుతుంది. దాని ఆయుష్షు రెప్పపాటులో వెయ్యోవంతు కూడా ఉండదు. లెక్కప్రకారం దారిలోనే పోవాలి. కానీ అది ఎంత వేగంగా వస్తుందంటే, మనవైపు నుంచి చూస్తే దాని కాలం నెమ్మదిస్తుంది. తనకు మాత్రం ఆ సంగతి తెలియదు. చివరికి మా పెట్టెలో చిన్న మెరుపు మెరుస్తుంది. కణం పోతుంది, మాకు ఆ మెరుపే మిగులుతుంది. భయపడకు అవ్వా, ఏడవకు, ఇది సృష్టి మొదలైనప్పటి నుంచీ జరుగుతున్నదే. నాన్న సంగతి మళ్లీ రాస్తాను.

నీ రాబిగ

రాబిగా, నా బంగారు తల్లీ,

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అర్థమైంది.

పట్నం చదువు చదివి మన ఆచారం మరిచిపోయావనుకున్నాను. చావు కబురు సూటిగా చెప్పకూడదని నీకెవరు నేర్పారు? యుద్ధంలో మా తమ్ముడు పోయినప్పుడు పెద్దలు గుమ్మంలోకి వచ్చి, "ఎత్తుకు ఎగిరిన డేగ ఒకటి దిగిరాలేదమ్మా" అన్నారు. డేగ మాట వినగానే మా అమ్మ తలగుడ్డ లాగి పారేసింది. నువ్వు డేగ అనలేదు, కణం అన్నావు. అంతే తేడా.

నేను అరిచిన అరుపుకు కుల్జమాల్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు, ఒకరి తర్వాత ఒకరు శోకాలు పెడుతున్నారు. తల్లీ, ఇంక సూటిగా చెప్పొచ్చు. నా సెయిత్ ఎలా పోయాడు? బండి జారిందా? ఎక్కడ పడుకోబెట్టారు?

మీ అవ్వ

అవ్వా! అవ్వా!

నాన్న బతికే ఉన్నాడు! నేను కణం గురించే రాశాను, నీ మీద ఒట్టు! మంచు మీద జారి కుడి చెయ్యి విరిగింది, అందుకే రాయలేదు. "అమ్మకు చెప్పకు, నిద్రపోదు" అని నా నోరు కట్టేశాడు. ఇప్పుడు నీ ఉత్తరం చదివి ఎగిరిపడుతున్నాడు: "నా పేరు మీద గొర్రెను కోయించిందేమో అడుగు! కోయిస్తే నా వాటా మాంసం పైకి పంపమను!" చెయ్యి కాస్త కుదరగానే ఇద్దరం దిగి వస్తాం. నీ కన్నీళ్లకు నన్ను క్షమించు. అందరికీ వెంటనే చెప్పు.

రాబిగ

నా ఒంటెపిల్లా,

మధ్యాహ్నం బస్సులో నీ ఉత్తరం వచ్చింది. పోయిన ప్రాణం లేచి వచ్చింది. విరిగిన చెయ్యి వేడిగా ఉంచుకోమను, ఎముక వంకర అతుక్కుంటుందేమోనని అప్పుడే నాకు భయం పట్టుకుంది.

నువ్వు ఎంతైనా తిట్టు, ఇంకా ఎవరికీ చెప్పలేదు. కుల్జమాల్ మెడ చాచి "ఏం రాసిందే?" అంది. "ఓదార్చింది" అన్నాను. చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామె నా కాళ్లు పడుతోంది, ఒకామె పిండి పిసుకుతోంది. వంటింట్లో ఎవరో నవ్వి, నేనున్నానని గుర్తొచ్చి నోరు నొక్కుకున్నారు. మీరిద్దరూ వెళ్లాక ఈ ఇంట్లో ఒక పూట గడవడానికి ఒక ఏడాది పట్టేది. ఇప్పుడు ఎప్పుడు తెల్లారిందో, ఎప్పుడు పొద్దు వాలిందో తెలియడం లేదు. అదే గడియారం, అదే గోడ. ఇలా ఎందుకవుతుందో మీ పెద్దసారును అడుగు.

బతికున్న కొడుకు కోసం ఇంతమంది చేత ఏడిపిస్తే దేవుడు ఏం చేస్తాడోనని వణుకుతూనే ఉన్నాను. వాడు బతికున్నాడని చెప్పగానే అందరూ నన్ను కౌగిలించుకుంటారు, సంతోషిస్తారు, చెప్పులు వెతుక్కుని ఎవరిళ్లకు వాళ్లు పోతారు.

చెప్తాను తల్లీ. ఇప్పుడే టీ కాచే సమోవార్ నింపారు. ఈ ఒక్క టీ తాగనీ.

మీ అవ్వ ఉల్బోసిన్