సరిపోతాయన్నాను

నవంబర్ 9, సోమవారం

గురువారం ఆరోగ్య మంత్రి వస్తున్నాడట. మా ఆసుపత్రికే! మా స్రెద్నారేకా ఎక్కడుందో రాజధానిలో ఒక్కడికైనా తెలుసా అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. తెలిసింది, మా ఖర్మకొద్దీ.

డైరెక్టర్ తాసెవ్ మీటింగ్ పెట్టాడు. గోడలకి రంగు వేయాలి, కిటికీలకి కొత్త తెరలు కట్టాలి, వంటగదిలో రొట్టె కాల్చాలి. అంతా వెళ్ళాక హెడ్ నర్సునని నన్నొక్కదాన్నే ఆపాడు. వైరస్ వార్డులో పద్నాలుగు మంచాలున్నాయి, ఆక్సిజన్ సిలిండర్లు మాత్రం పదకొండే. ఇలా చూపిస్తే మన పరువేం కాను జివ్కా, పక్క ఊరు కామెనిక్ ఆసుపత్రి వాళ్ళని ఒక్కరోజుకి ఓ పదమూడు అడుగు, నీ మాట కాదనరు అన్నాడు.

ఇది కొత్తేం కాదు. నేను డ్యూటీలో చేరిన ఏడాది ఎవరో పెద్దమనిషి కామెనిక్ వస్తే మేం ఎక్స్‌రే మిషన్ పంపాం. మాకు వాళ్ళు దుప్పట్లు పంపారు. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు. ఇంటికి చుట్టం వస్తే పక్కింటి గ్లాసులు తెచ్చుకోమూ, ఇదీ అంతే.

ఫోన్ చేశాను. అక్కడి హెడ్ నర్సు వాస్కా పకపకా నవ్వింది. తీసుకో తల్లీ, ఆయనగారు మా ఊరొచ్చినప్పుడు మీవి పంపుదువుగాని, కానీ శుక్రవారం పొద్దున్నకల్లా నా సిలిండర్లు నా దగ్గరుండాలి అంది. ఉంటాయి అన్నాను.

నవంబర్ 12, గురువారం

వచ్చాడు. పేరు లుబెన్ దరక్చియెవ్. పేపర్లో ఫోటో చూసి పొడుగరి అనుకున్నా, నా చెవిదాకా లేడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బూట్లకి మట్టి. చూడగానే అసహ్యించుకుందామని సిద్ధపడి వెళ్ళినదాన్ని, చేతకాలేదు. గుమ్మంలో స్వాగతానికి రొట్టె, ఉప్పు పళ్ళెం పడితే అందరూ చిటికెడు తుంచి కెమెరాకి నవ్వుతారు. ఈయన పెద్ద ముక్క తుంచుకుని ఉప్పులో అద్ది తిన్నాడు, ఇంకో ముక్క కూడా తిన్నాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదేమో పాపం.

వార్డులో సిలిండర్లు ఇరవైనాలుగు, రెండు వరసల్లో. కామెనిక్ వాళ్ళు తమవాటి మీద నీలి పెయింట్‌తో ఊరి పేరు రాసుకుంటారు. ఆ పేర్లన్నీ గోడవైపు తిప్పి పెట్టాం. ఒకటి సరిగ్గా తిరగలేదు. మంత్రి నడుస్తూ నడుస్తూ దాని దగ్గరే ఆగాడు. చెయ్యి సరిగ్గా ఆ నీలి అక్షరాల మీద వేశాడు. కాసేపు తియ్యలేదు. తర్వాత ముందుకి కదిలాడు.

కెమెరాలవాళ్ళు బయటికెళ్ళాక నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించి, సిస్టర్, నాకు నిజం చెప్పండి, చలికాలం ముంచుకొస్తోంది, ఇవి సరిపోతాయా అని అడిగాడు. తాసెవ్ నా భుజం వెనకే నిలబడ్డాడు.

సరిపోతాయి మంత్రిగారూ అన్నాను.

రాత్రి టీవీలో చెప్పాడు. స్రెద్నారేకాలో నా కళ్ళతో చూసొచ్చాను, ఆక్సిజన్‌కి కొరత లేదు, ఎవరూ భయపడక్కర్లేదు అని. మెతోది ఫోన్ చేశాడు. అక్కా, మంత్రి పక్కన నీ మోచెయ్యి కనబడింది, స్టారైపోయావు, ఇంక మాతో ఏం మాట్లాడతావులే అని ఏడిపించాడు. వాడు నా ఒక్కగానొక్క తమ్ముడు, కామెనిక్‌లో బస్సు డ్రైవరు. మాటకీ మాటకీ మధ్య దగ్గుతున్నాడు. వెధవా, ముందు డాక్టర్‌కి చూపించుకో అన్నాను.

నవంబర్ 13, శుక్రవారం

పొద్దున్నే తిరిగి పంపాలి. పంపలేదు. తెల్లారేసరికి ఐదుగురు కొత్త పేషెంట్లు. మావి పదకొండూ వాడేశాం. మధ్యాహ్నానికి కామెనిక్ వాళ్ళవి రెండు విప్పాను, సాయంత్రానికి ఇంకో రెండు. ఎదురుగా మనిషి ఊపిరాడక గిలగిల్లాడుతుంటే అరువు సొమ్మని ఎలా చూస్తూ కూర్చోను?

వాస్కా రెండుసార్లు ఫోన్ చేసింది. రేపు అన్నాను.

నవంబర్ 14, శనివారం, సాయంత్రం 6

నా మరదలు స్తానా ఫోన్ చేసింది. మెతోదిని కామెనిక్ ఆసుపత్రిలో చేర్చారు. ఆయాసం ఉందిగానీ జోకులేస్తూనే ఉన్నాడు వదినా, నువ్వేం కంగారు పడకు, ఆక్సిజన్‌కి ఢోకా లేదని మంత్రే చెప్పాడుగా అంది.

పరుగున తాసెవ్ దగ్గరికి వెళ్ళాను. మిగిలిన తొమ్మిదీ ఇప్పుడే పంపండి, మా తమ్ముడు అక్కడున్నాడు అన్నాను. డ్రైవర్ జ్వరంతో పడుకున్నాడు, రేపు పొద్దున్నే ఇంకొకణ్ణి పంపిస్తా, ఈలోపు కొంపేం మునగదు జివ్కా, ఇంటికెళ్ళి పడుకో అన్నాడు. వెళ్ళి పడుకున్నాను.

నవంబర్ 15, ఆదివారం

ఏడింటికి వ్యాన్ బయల్దేరింది. మెతోది ఆరింటికే పోయాడు.

నవంబర్ 19, గురువారం

పాతిపెట్టాం. ప్లాస్టిక్ సంచిలో ఉన్నాడు, మొహం చూపించలేదు. ఫాదర్ పది గజాల దూరం నుంచి ప్రార్థన చదివి వెళ్ళిపోయాడు. యాభై మూడేళ్ళ మనిషి.

శ్మశానం గేటు దగ్గర వాస్కా నన్ను పక్కకి తీసుకెళ్ళింది. ఆరోజు తెల్లవారుజామున సిలిండర్లు నిండుకున్నాయట. ఒక్కదాన్నే మెతోదికీ ఒక ముసలావిడకీ మార్చి మార్చి పెట్టారట. ఆవిడ బతికింది. నిండుగా ఉన్నా నీ తమ్ముడు దక్కేవాడో లేదో చెప్పలేం జివ్కా, జబ్బు బాగా ముదిరింది అంది. నన్ను ఒక్క మాట అనలేదు. జుట్టు పట్టుకుని తిట్టినా బాగుండేది.

నా కారు వెనక సీటు మడిస్తే రెండు సిలిండర్లు పడతాయి. పడతాయి! కామెనిక్ నలభై నిమిషాలు. ముప్పై రెండేళ్ళ సర్వీసు, ఆ శనివారం సాయంత్రం నాకీ సంగతి తట్టలేదు.

స్తానా శోకాలు పెట్టి ఏడ్చింది. ఆక్సిజన్‌కేం కొరత లేదన్నాడు వదినా, వాడి నోట మన్ను పడ, కళ్ళారా చూశానన్నాడు, నా మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నాడు అని. నేను దాని వీపు నిమురుతూ కూర్చున్నాను. అవునవును అన్నాను కూడా.

డిసెంబర్ 10

ఒక పేపరువాళ్ళు మంత్రికి మార్కులు వేయండి అని కూపన్ అచ్చేశారు, స్కూల్లో వేసినట్టే, రెండు నుంచి ఆరు దాకా. రెండంటే తప్పినట్టు. మా నర్సుల గదిలో కాఫీ తాగుతూ అందరూ వేశారు. అన్నీ రెండ్లే. వంటగది యోర్దాన్కా మాత్రం, సున్నా లేదేంటే ఇందులో, రెండు కూడా దండగే వాడికి అంది.

నా చేతికి పెన్నిచ్చారు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నదాన్ని, ముందు నేనే వేయాలట. పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. పాపం ఏడుపొస్తోంది, వదిలేయండే అంది యోర్దాన్కా. నాకు ఏడుపేం రాలేదు.

డిసెంబర్ 24

మెతోది నలభయ్యో రోజు సరిగ్గా క్రిస్మస్ ముందురోజే వచ్చింది. స్తానా ఒకే గిన్నె గోధుమలు ఉడికించింది, అటు పండక్కీ ఇటు చనిపోయినవాడికీ. బీన్స్, ఊరేసిన క్యాబేజీ, వాల్‌నట్లు. వాడి చోట కంచం పెట్టి రొట్టె ముక్క వేసింది. వాడి కూతురు ఇవెలీనా ఆ కంచం వంక చూడకుండా భోంచేసింది. పదహారేళ్ళు దానికి.

చెప్పేద్దామనుకున్నాను. లేచి గిన్నెలు కడిగాను.

జనవరి 21

దరక్చియెవ్ రాజీనామా చేశాడు. పార్లమెంటు కమిషన్ వేసింది, ఆయన పని చేశాడా లేదా తేల్చడానికి. ఆయన వెళ్ళిన ఆసుపత్రులన్నిటినుంచీ సాక్షుల్ని పిలుస్తున్నారు. మా దగ్గర్నుంచి నేను.

తాసెవ్ తలుపు వేసి మాట్లాడాడు. మనం ఎక్కడా ఏమీ అరువు తేలేదు, కాగితం లేదు కదా, మంత్రి హడావిడిగా వచ్చాడు, కెమెరాల ముందు నిలబడ్డాడు, మనల్ని ఒక్క ముక్క అడగలేదు, ఇంతే నువ్వు చెప్పాల్సింది అన్నాడు. దేశమంతా వాణ్ణి దుమ్మెత్తి పోస్తోంది, నువ్వు కొత్తగా చేసే అన్యాయం ఏముంది అన్నాడు. అందులో అబద్ధం లేదు. నేను నోరు మూసుకుంటే ఆసుపత్రి బాగుంటుంది, తాసెవ్ బాగుంటాడు, స్తానా నాతో బాగుంటుంది. చెడేది ఆ మనిషొక్కడే, ఆయనెలాగూ చెడిపోయాడు.

ఫిబ్రవరి 6, శనివారం

ముందు స్తానాకి చెప్పాలని కామెనిక్ వెళ్ళాను. గుమ్మంలోనే కావలించుకుంది. కమిషన్ ముందు నువ్వు నిలబడుతున్నావంటే నాకు కొండంత ధైర్యం వదినా, మనింటి మనిషివి, వాణ్ణి వదలకు, ఆ రోజు నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు, వాడికి శిక్ష పడితే నిద్రపడుతుందేమో అంది. నాకోసం జున్ను పొరలు వేసి బనిత్సా కాల్చింది. ఇంకో ముక్క, ఇంకో ముక్క అని వడ్డించింది. తిన్నాను. ఏం చెప్పకుండా కారెక్కాను.

నేను పిరికిదాన్ని. ఇక్కడ రాసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాను.

ఫిబ్రవరి 17, బుధవారం, రాత్రి 9, రాజధానిలో హోటల్

చెప్పేశాను.

పొడుగాటి బల్ల, ఏడుగురు మనుషులు. దరక్చియెవ్ ఓ పక్కన కూర్చున్నాడు, చిక్కి సగమయ్యాడు. మంత్రి మిమ్మల్ని ఆక్సిజన్ గురించి అడిగాడా అన్నారు. అడిగాడు అన్నాను. మీరేం చెప్పారు అన్నారు. సరిపోతాయన్నాను. సరిపోతాయా అన్నారు. సరిపోవు, అందులో పదమూడు కామెనిక్‌వి, నేనే ఫోన్ చేసి తెప్పించాను, చెప్పిన రోజుకి తిరిగి పంపలేదు, ఆ ఆదివారం అక్కడ మా తమ్ముడు చచ్చిపోయాడు అన్నాను. టైపు కొడుతున్న అమ్మాయి చేతులు ఆగిపోయాయి.

మంత్రివైపు సభ్యుడు ఒకడు ముందుకి వంగాడు, ఇంక చాలు కూర్చోండి సిస్టర్ అన్నాడు. కూర్చోలేదు. ఆయన కూడా చూశాడు అన్నాను. కామెనిక్ అని రాసున్నచోట చెయ్యి వేసి నిలబడ్డాడు, చదివాడు, నేను చూశాను అన్నాను.

చైర్మన్ ముసలాయన. మీ ఉద్దేశంలో ఆయన తన పని చేశాడా అని మెల్లిగా అడిగాడు. అడగాల్సింది అడిగాడండీ, చూడాల్సింది చూశాడు, చూసింది వదిలేసి విన్నది పట్టుకెళ్ళాడు, ఆ వినిపించింది నేను, ఇద్దర్నీ విడదీసి మార్కులు వేయడం నాకు చేతకాదు అన్నాను.

కారిడార్లో దరక్చియెవ్ నా వెనకే వచ్చాడు. కోపంగా లేడు. మొదటి సగం దగ్గర ఆపేయాల్సింది సిస్టర్ అన్నాడు. పేరు చదివి కూడా నన్నెందుకు అడిగారు అన్నాను. అప్పటికి ఆ వారంలో నాలుగు ఊళ్ళు తిరిగాను, ఎక్కడా ఏమీ లేదు, ఇవ్వడానికి నా దగ్గరా ఏమీ లేదు, మీరు సరిపోవంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు, సరిపోతాయంటారనే మిమ్మల్ని అడిగాను అన్నాడు.

ఈ ముక్క లోపల చెప్పండి అన్నాను. తల దించుకుని వెళ్ళిపోయాడు. నేను అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

ఫిబ్రవరి 18

ఒక పేపర్లో, హెడ్ నర్సే అబద్ధం చెప్పింది, మంత్రి నిర్దోషి. ఇంకో పేపర్లో, మంత్రికి అంతా తెలుసు. రెండిట్లోనూ నా ఫోటో.

స్తానాకి పదకొండుసార్లు చేశాను. పన్నెండోసారి ఇవెలీనా తీసింది. అమ్మ నీతో మాట్లాడదట అత్తా అంది. నువ్వు మాట్లాడతావా అన్నాను. నాన్న ఆయాసపడుతూ కూడా మా అక్క హెడ్ నర్సు, మనకేం భయం లేదని అందరికీ చెప్పుకున్నాడత్తా అంది. ఫోన్ పెట్టేసింది.

మార్చి 4

హెడ్ నర్సు పని తీసేసి కట్లు కట్టే గదిలో వేశారు. తాసెవ్ కుర్చీలో తాసెవే ఉన్నాడు. కారిడార్లో ఎదురైతే గోడవైపు తిరుగుతున్నాడు.

ఏప్రిల్ 27

కమిషన్ తీర్పు వచ్చింది. నిర్లక్ష్యం రుజువు కాలేదట. లోపాలు వ్యవస్థవట. నూట నలభై పేజీలు. కామెనిక్ పేరు ఒక్కచోట ఉంది, అదీ తప్పుగా అచ్చయింది.

మే 15

ఆరు నెలలు. ఆరు నెలలకి ఇంటి గేటుకి అంటించే కాగితం స్తానా అంటించింది. మెతోది ఫోటో, పుట్టింది, పోయింది, కింద తలుచుకుంటున్నవాళ్ళ వరస. భార్య, కూతురు. అంతే.

బెల్లు కొట్టలేదు. గేటు బయట నిలబడి చదువుతుంటే సంచీ పట్టుకుని ఎవరో ముసలావిడ ఆగింది. నీకేమవుతాడమ్మా అని అడిగింది.

తమ్ముడు అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం కిందిదాకా చదివింది. నా మొహం చూసింది. సంచీ చెయ్యి మార్చుకుని వెళ్ళిపోయింది.