పెదనాయిన లారీ ముందు టైర్లు

జూన్ 11

వానాకాలం పాసుల గోల మొదలైంది. బొగ్గు తోలే ప్రతి లారీనీ గని గేటు దాటకముందే చూడాలి. రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, బ్రేకులు, టైర్లు... నా సంతకం పడితేనే ఈ సీజనంతా లోడు. బోనకల్ ఓనర్ ఒకాయన గడువు దాటిన ఫిట్‌నెస్ కాగితం తెచ్చి, "ఇంట్ల ఇంకోటున్నది మేడం" అంటాడు. ఉంటే ఫోన్లో, ఆన్‌లైన్ రికార్డులో ఎందుకు కనిపించదో! టీ చల్లారిపోయింది.

జూన్ 12

పెదనాయిన వచ్చాడు. సొంత పెదనాయిన కాదు, నాన్నతో కలిసి గనిలోకి దిగిన మనిషి. కానీ నన్ను బడికి లారీ క్యాబిన్లో దింపింది ఆయనే, నాన్న కాదు. రిటైరయ్యాక సొంతంగా ఒక లారీ కొని, తలుపు మీద ఇంతేసి అక్షరాలతో 'ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ' అని రాయించుకున్నాడు. కంపెనీ అంటే ఆ లారీ, దాన్ని తోలే ఆయన, ఇంట్లో పెద్దమ్మ తిట్లు.

కాగితాలు పెద్దమ్మ పాత చీర ముక్కలో చుట్టి తెచ్చాడు. "సూడు బిడ్డా, అన్ని నిఖార్సుగున్నయ్." నిజంగానే ఉన్నాయి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశాను. నల్లబడ్డ నా వేళ్ళు చూసి, "అచ్చం మీ నాయిన చేతులే" అన్నాడు. ఆ మాటతో సగం కరిగిపోయాను.

ముందు టైర్లు రెండూ కొత్తవి. ఒకదాని పక్కన తెల్ల పెయింటు ఒలికిన మరక. మంచి పని చేశావని మెచ్చుకుంటే, అవసరానికి మించి నవ్వాడు. సంతకం పెట్టేశాను.

జూన్ 15, ఆదివారం

చర్చిలో పెదనాయిన పాట. అందరూ ఒక చరణంలో ఉంటే ఆయన ఇంకో చరణంలో. పెద్దమ్మ నా చెవిలో — "దేవుడు గూడ చెవులు మూస్కున్నడు." నవ్వాపుకోలేక బయటికొచ్చేశాను. వాన మొదలైంది.

జూన్ 16

చండ్రుగొండ నుంచి ఒక లారీ చెకింగ్‌కి వచ్చింది. ముందు టైర్లు కొత్తవి. పక్కన తెల్ల పెయింటు మరక.

వంగి చూశాను. అదే మరక.

"టైర్లు నీవేనా?" డ్రైవర్‌ని అడిగాను.

"అవ్ మేడం, మావే."

మొదట నవ్వొచ్చింది. పెళ్ళికి పక్కింటి గొలుసు అరువు తెచ్చుకున్నట్టు, చెకింగ్‌కి టైర్లు! ఆ తర్వాత సంతకం ఆపేశాను. ఇవి ఇక్కడుంటే, పెదనాయిన లారీకి ఏమున్నాయి?

జూన్ 17

పంక్చర్ షాపు సలీం భాయ్‌ని అడిగాను. దాచనైనా దాచలేదు. గేటుకి వచ్చే ముందు ఎక్కిస్తారట, సంతకం అయ్యాక విప్పేస్తారట. మంచి జత ఒక్కటే, అది అందరిదీ.

"కిరాయి గిట్ల తీస్కోం మేడం. మనోళ్ళే గద!"

ఎంత మంచివాళ్ళో! ఎంత పిచ్చివాళ్ళో!

మధ్యాహ్నం లారీలు తూచే కాటా దగ్గర పెదనాయిన లారీ కనిపించింది. ముందు టైర్లు అరిగి అరిగి నున్నగా... ఒకదాంట్లో తీగ బయటికి వచ్చింది. మీద బొగ్గు నిండా. భద్రాచలం వైపు, అడవిలో ఆ ఏటవాలు దిగుడు మీదుగా పోవాలి. రోడ్డంతా తడి.

జూన్ 18

పెదనాయిన ఇంటికే వెళ్ళి అడిగాను.

"ఈ ఒక్క వానాకాలం బిడ్డా. గీ సీజన్ అయినంక కొత్తయి ఎక్కిస్త."

"దిగుడులో బ్రేకు పట్టకపోతే?"

"నేను గా రోడ్డుకు కొత్తనా ఏంది? అయినా నువ్వు సంతకం పెట్టినవ్ గద, ఇంకేంది?"

ఒళ్ళు మండిపోయింది. సంతకం పెట్టింది కాగితం మీద. లారీ తిరిగేది కాగితం మీద కాదు. అన్నాను కూడా, గట్టిగానే. పెద్దమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు.

జూన్ 19

పాసు రద్దు చేశాను. ఆయనదీ, ఆ జతతో గేటు దాటిన మిగతా లారీలన్నిటిదీ. గేటు దగ్గర అందరి ముందూ ఆయన లారీని వెనక్కి తిప్పించారు. కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన నా వైపు చూడలేదు.

ఈ మనిషంటే నాకు ప్రాణం. అందుకే చేశాను. ఈ సంగతి ఆయనకెవరు చెప్తారు?

జూన్ 22, ఆదివారం

చర్చిలో అటువైపు కూర్చున్నాడు. పాడలేదు. పాట అందరికీ ఒకేసారి అయిపోయింది. భరించలేకపోయాను.

జూన్ 24

పెద్దమ్మ తడుస్తూ ఆఫీసుకొచ్చింది. టిఫిన్ డబ్బాలో గోంగూర పప్పు.

"నీ మీద కోపం గాదమ్మా, సిగ్గు. గందుకే ముఖం సూపిస్తలేడు." కొంగుతో తల తుడుచుకుంది. "వాన పడితే నాకు నిద్ర రాదు బిడ్డా, ఆయన లారీ కొన్న కాడ్నుంచి. మొన్న పడుకున్న. పొద్దెక్కేదాక లేవలే."

ఏడ్చేశాను. ఆఫీసులోనే.

జూన్ 28

కొత్త టైర్లు ఎక్కించుకొని వచ్చాడు! ఎట్లా కొన్నాడో అడగలేదు. చేతిలో పసుపు రంగు పెయింటు డబ్బా, కుంచె.

"నీ పేరు రాయి. మల్ల ఎవలికన్న ఇస్తనేమోనని నీకు అనుమానం గద."

రెంటి మీదా నా పేరులో మొదటి అక్షరం 'సు' రాశాను. కొత్త పాసు ఇచ్చాను. "నీ అక్షరం ఇంక గంతే ఉన్నదా, కోడి గెలికినట్టు!" అన్నాడు. అమ్మయ్య. మాట్లాడాడు.

జూలై 2

పొద్దుటి నుంచి ఒకటే వాన. చండ్రుగొండ లారీ మళ్ళీ వచ్చింది, పాసు కోసం. ముందు టైర్ల మీద పసుపు 'సు'.

డ్రైవర్ చేతులు కట్టుకొని, "దాస్తలేను మేడం, పెద్దాయనయే. ఇయ్యాల మీరు తోలుకోన్రి, రేపు నేను తోల్త అన్నడు. మాకు రెండు వారాలసంది లోడు లేదు."

మరి ఆయన లారీ? పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"గీడనే ఉన్నది బిడ్డా, ఇంటి ముంగట. ముందు చక్రాల్లేవు, రాళ్ళ మీద నిలవెట్టిండు. కింద కోళ్ళు దూరినయ్."

వెనక నుంచి పాట వినిపిస్తోంది. తాళం తప్పి, హాయిగా. ఫోన్ తీసుకున్నాడు. "చక్రాల్లేంది నేనెట్ల పోత బిడ్డా? ఇయ్యాల వాడు, రేపు నేను. టైర్లు మంచియే గద, నువ్వే సూసినవ్. సంతకం పెట్టినవా?"

ఇంకా లేదు. పాసు సీజన్‌కి. ఇవాళ ఒకరికి, రేపు ఒకరికి అని రాయడానికి అందులో చోటు లేదు. ఈ ఇద్దరూ మాట మీద నిలబడతారా? ఒక రోజు ఆశ పుట్టి, పాత టైర్లు ఎక్కించి రెండు లారీలూ రోడ్డెక్కితే? ఇవ్వకపోతే, చండ్రుగొండ డ్రైవర్ ఇంట్లో పొయ్యి మీద ఏముంటుంది?

డ్రైవర్ కిటికీ బయట తడుస్తున్నాడు. లోపలికి రమ్మన్నాను, కుర్చీ చూపించాను. పెన్ను మూత తీసే ఉంది.