కొసరు జీడి

సుభద్రకు,

నువ్వు పోయాక మొదటిసారి మన ఊరి తీర్థానికి వెళ్లాను. చిట్టిని వెంటబెట్టుకుని ధవళేశ్వరంలో పడవెక్కాను. కాలవ లాకు దగ్గర తలుపులు తీసేదాకా చాలాసేపు ఆగాం. ఊరు చేరేసరికి వీధంతా అంగళ్లే. లక్కపిడతలు కనిపించినా, రంగులరాట్నం కనిపించినా నీ కూతురు నా చెయ్యి విడిపించుకుని పరుగెత్తేది.

జీళ్ల తాత ఇంకా ఉన్నాడు. బెల్లం పాకాన్ని గుంజకు తగిలించి, తెల్లబడేదాకా సాగదీస్తున్నాడు. మీ అమ్మగారికని ఒక పొట్లం కట్టించాను. అది నా చేతికి వచ్చిందో లేదో, చిట్టి చెయ్యి చాపింది.

"కొసరు వెయ్యవా, తాతా?"

పాలు తాగే వయసులో నువ్వు వదిలి వెళ్లిన పిల్ల. మా ఇంట్లో కొసరడిగే వాళ్లెవరూ లేరు. నువ్వడుగుతుంటే నేను సిగ్గుపడి ముందుకు నడిచేసేవాణ్ణి కదా. "పొట్లం ఇంటికి, కొసరు నాకు" అని నవ్వుకుంటూ వెనకాల వచ్చేదానివి. ఒక్కసారైనా నాకు ముక్క పెట్టలేదు.

"ఎవరు నేర్పేరండీ ఈ పిల్లకి?" అన్నాడు తాత.

ఈసారి మాత్రం కదలకుండా అక్కడే నిలబడ్డాను.

తాత ఇంకో జీడి వేశాడు. చిట్టి సగం కొరుక్కుని, మిగతా సగం నా నోట్లో పెట్టింది. ఎంగిలని నేననలేదు.

"అమ్మకి ఇదంటే ఇష్టమా, నాన్నా?" అంది.

జీడి పళ్లకు అంటుకుపోయింది. తలూపితే సరిపోయింది.