ఐదు శ్రుతి ఈల

ఫిబ్రవరి 2, సోమవారం

నిన్న టీవీలో ఓ ఇంగ్లీషు సినిమా. కొండలు, మంచు, గొర్రెలు. కథ శుద్ధ దండగ. కానీ హీరో చచ్చిపోతుంటే వెనకాల ఓ ఈల మోగింది! కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. హీరో కోసం కాదు.

మనవరాలు విశాలి ఫోన్లో వెతికి చెప్పింది. "దాన్ని టిన్ విజిల్ అంటారు మామ్మా. రేకు గొట్టం, ఆరు కన్నాలు. చిన్నపిల్లలు కూడా వాయించేస్తారట."

నిర్ణయం: నేనూ వాయిస్తాను. మార్చి ఒకటిన, మావయ్యగారి పేరిట ఏటా మా ఇంట్లో జరిగే కచేరీలో, అందరి ముందూ.

ఎందుకో కూడా రాసి పెట్టుకోవాలి. విజయనగరంలో ఈ ఇంటికి కోడలిగా వచ్చి నలభై ఎనిమిదేళ్ళు. మావయ్యగారిది గాత్రం. మా ఆయన భావనారాయణది వయొలిన్. ఆయన అక్కగారు జగదీశ్వరి వదినది వీణ. నాది శ్రుతిపెట్టె. అంటే ఓ మూల కూర్చుని తిత్తి ఊపడం. ఈమధ్య కరెంటు పెట్టె వచ్చాక నా విద్వత్తు స్విచ్చి వెయ్యడానికి దిగింది.

ఫిబ్రవరి 3

వదినగారికి ఫోన్ చేశాను. నవ్వు శ్రీకాకుళం నుంచి నేరుగా వినబడింది, ఫోను అక్కర్లేకపోయింది.

"చోటిస్తానే భవానీ! కాఫీలకి ముందు ఐదు నిమిషాలు. వాయించలేకపోయావో, ఇంక జన్మలో సంగీతం ఊసెత్తకూడదు. నోరు మూసుకుని పెట్టె దగ్గర కూర్చోవాలి."

"సరే" అన్నాను. నాలుక అలాంటిది నాది.

ఇక ఈల ఎంపిక. ఒక్కో శ్రుతికీ ఒక్కో ఈలట. కొత్తవాళ్ళు 'డి' కొనుక్కుంటారని విశాలి అంది. డి అంటే మన లెక్కలో రెండు. అది మగవాళ్ళ శ్రుతి. ఆడవాళ్ళం ఐదులో కదా పాడతాం! సంగీతం ఇంటి కోడల్ని, ఆ మాత్రం తెలీదా? ఐదు శ్రుతిదే ఆర్డరు పెట్టించాను. విశాలి ఏదో అనబోయింది. అననివ్వలేదు.

ఫిబ్రవరి 7

వచ్చింది!! జానెడుంది. పచ్చ మూతి, ఇత్తడి ఒళ్ళు. ముద్దొస్తోంది.

"అగరొత్తుల స్టాండా?" అన్నారు మా ఆయన.

రేపు తెల్లారగానే సాధన. ఊపిరి కోసం బజ్జీలు బంద్.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఊదాను. శబ్దం వచ్చింది. శబ్దం అనడం మర్యాద. చెవిలో సూది దిగినట్టుంది. మా ఆయన వినికిడి మిషను తీసి బల్లమీద పెట్టారు. విమర్శ అన్నమాట.

ఇంతలో గుమ్మంలో ఎదురింటి మరిడమ్మ. చేపలమ్ముతుంది, గొంతు మా ఈలకి తీసిపోదు. ఒక చేత్తో తడిచెత్త బకెట్టు, ఇంకో చేత్తో పొడిచెత్త బకెట్టు.

"బండేదమ్మా?"

"ఏ బండి?"

"సెత్తబండి! ఈలేసినారు కదేటి? ఆదోరం కూడా వస్తన్నారనుకొని పరిగెట్టుకొచ్చినాను. మీరేటి పంతులమ్మగారూ? ఈ వయసులో ఇదేటి సోద్యం?"

మా వీధిలో మునిసిపాలిటీవాళ్ళు ఈల ఊదుకుంటూ వస్తారు. నాకన్నా శ్రావ్యంగా.

ఫిబ్రవరి 11

సినిమాలో ఈల బొంగురుగా, మంచులో తడిసినట్టుంటుంది. నాది కుక్కల్ని పిలుస్తోంది. ఎందుకా అని ఆలోచించి, ఠక్కున కూర్చుండిపోయాను.

గొట్టం పొడుగయితే శ్రుతి తగ్గుతుంది. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఈ పాఠమే చెప్పాను. తప్పు రాసినవాళ్ళని బెంచీ ఎక్కించాను. ఆ సినిమా ఈల మూరన్నర గొట్టమట! రెండు శ్రుతిదట!

ఈ సంగతి ఇంట్లో చెప్పను.

ఫిబ్రవరి 15

శివరాత్రి. ఉపవాసం. ఊపిరి పొదుపు చెయ్యాలి. సాధన లేదు. శివుడికి కూడా ప్రశాంతత ఇష్టం. (డమరుకం సంగతి ఇప్పుడెందుకు?)

ఫిబ్రవరి 16

పులిహోర, గారెలు. నిండు కడుపుతో ఊదకూడదు. ఎక్కడో చదివాను. చదివే ఉంటాను.

ఫిబ్రవరి 20

పళ్ళసెట్టు పెట్టుకుని ఊదితే సెట్టే ఈల వేస్తోంది. తీసి ఊదితే గాలి. మొత్తానికి పట్టుబడినవి స, రి, గ. తక్కినవి అంత అవసరమా అనిపిస్తోంది.

పైగా మరిడమ్మ వచ్చి యుద్ధం. "నిన్న నిజం బండొస్తే మీరే అనుకొని ఊరుకున్నానమ్మా! సేపల పొట్టంతా ఇంట్లో ఉండిపోనాది. కంపు! ఇంక ఎవులు ఈలేసినా పరుగే. వీదంతా అదే అనుకున్నాం."

ఫిబ్రవరి 27

బజ్జీలు తిన్నాను. వంకాయవి, మిరపకాయవి, మళ్ళీ వంకాయవి.

ఈలని పోపులపెట్టెలో పెట్టేశాను. నడుము పట్టేసిందని చెప్తాను. శ్రుతిపెట్టె స్విచ్చి మీద దుమ్ము తుడిచాను. నా చోటు నాకు తెలుసు.

మార్చి 1, ఆదివారం

వదినగారు పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కి దిగిపోయారు. వీధంతా వచ్చింది. మరిడమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో. విశాలి పాడింది, వదినగారు వాయించారు. నేను పెట్టె దగ్గర.

కాఫీలకి ముందు వదినగారు వీణ మీంచి తలెత్తారు. "ఏదే నీ ఈల?"

"నడుము పట్టేసిందండీ..."

"నడుముతో ఊదుతావా?"

ఒకటే నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి తెచ్చాను. జీలకర్ర వాసన.

"మరి నాకు శ్రుతి ఎవరు వేస్తారు?" అన్నాను, ఆఖరి ప్రయత్నంగా.

ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. వదినగారు వీణ పక్కన పెట్టి, పెట్టె దగ్గరికి జరిగారు. స్విచ్చి ఎక్కడుందో ఆవిడకి తెలీదు. తడుముకున్నారు. చూపించాను.

స... రి... గ...

"బండొచ్చినాది!" మరిడమ్మ లేచింది. వెనక వరసలన్నీ లేచాయి. చెప్పుల దగ్గర తొక్కిసలాట. మా ఆయన కూడా వయొలిన్ దించి చెత్తబుట్ట కోసం వంటింట్లోకి పరిగెత్తారు. అరనిమిషంలో హాలు ఖాళీ.

ఈల దించేశాను.

"ఆపావేం? శ్రుతి నడుస్తోంది కదా" అన్నారు వదినగారు.

"అందరూ వెళ్ళిపోయారండీ."

"నలభై ఎనిమిదేళ్ళలో నువ్వు ఒక్కసారీ మధ్యలో లేచి వెళ్ళలేదు. నేనున్నాను. కానియ్."

"మూడు స్వరాలే వచ్చు."

"అవే వాయించు. తప్పయితే చెప్తాను."

చెప్పారు. మూడూ తప్పేనని చెప్పారు. కానీ చివరిదాకా కూర్చున్నారు.

మార్చి 2, సోమవారం

రైలెక్కే ముందు వదినగారి తీర్పు: "దాన్ని వాయించడం అనరు. అయినా సంగీతం ఊసెత్తుతూ ఉండు, పరవాలేదు."

కొత్త నిర్ణయం! మూరన్నర ఈల, రెండు శ్రుతిది, ఆర్డరు పెట్టించాను. విశాలి అదో రకంగా చూసింది. వచ్చే కచేరీకి ఆ సినిమా పాట మొత్తం. కన్నాలు దూరమట, వేళ్ళు రోజూ సాగదియ్యాలి. బజ్జీలు బంద్. (పిండి కలిపి ఉంది కాబట్టి రేపటి నుంచి.)

మరిడమ్మ వచ్చి, "కొత్తది వస్తాదంట కదా, పాతది నాకిచ్చేయండమ్మా, సేపలమ్ముకోడానికి పనికొస్తాది" అంది.

ఇవ్వనన్నాను. ఇన్నేళ్ళ కచేరీల్లో సభ మొత్తాన్నీ ఒక్కసారిగా లేపి నిలబెట్టిన వాద్యం మా ఇంట్లో ఇదొక్కటే.