హేమ పాపిడి

8 ఫిబ్రవరి 2017, బుధవారం

విశాఖ నుంచి వచ్చేశాం. పూర్తిగా వచ్చేశాం. బకెట్, మగ్గు, చాప, మా పాప హేమ ప్లాస్టిక్ కుర్చీ అన్నీ తెచ్చేశాం. ఏడు నెలలు కాపురం చేశాం ఆ వార్డులో.

డాక్టర్ కుర్చీలు వేయించి మరీ కూర్చోమన్నాడు. అప్పుడే నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ నిలబెట్టే మాట్లాడాడు మరి. బ్లడ్ కేన్సర్ తిరగబెట్టిందట. రిలాప్స్ అన్నాడు. ఈసారి మందుకు లొంగడం లేదట. ఇంకా కీమో ఎక్కిస్తే పిల్లకు బాధే తప్ప లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లి అడిగింది పెట్టండి అన్నాడు. ఎన్నాళ్లని బావ అడిగాడు, కన్నతండ్రి కదా. రెండు నెలలో మూడు నెలలో చెప్పలేనన్నాడు. వేటకు వెళ్లి, పడవ ఇంజను పాడై రెండు రోజులు సముద్రంలో ఇరుక్కుని వచ్చిన నాడు కూడా బావ మొహం అలా లేదు.

నర్సు మెట్ల దాకా వచ్చింది. మంచి పిల్లే. మందు ఆపేశాం కదా అక్కా, ఇంక జుట్టు వచ్చేస్తుందిలే అంది. పాపం ఓదార్పుకే అంది. నాకు మాత్రం చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది.

9 ఫిబ్రవరి

అత్తకు చెప్పలేదు. మందుల కోర్సు అయిపోయిందన్నాం. అబద్ధం కాదు కదా.

15 ఫిబ్రవరి

ఈరోజుతో హేమకు అయిదేళ్లు నిండాయి. కేక్ వద్దంది. ఐస్ కావాలంది. రెండు చెంచాలు తిని చాలంది.

అత్త దేవుడి గూట్లో మూట తీసి దండం పెట్టుకుంది. పాత చీర ముక్కలో కట్టిన మూట. అందులో ఉన్నవి హేమ పుట్టెంట్రుకలు. తీయించినవి కాదు, రాలినవి. జుట్టు రాలే రోజుల్లో ఆస్పత్రిలో మాతోనే ఉండి, దిండు మీద నుంచి రోజూ ఏరుకుని దాచింది.

సింహాచలం అప్పన్నకు మొక్కిన జుట్టది. బేసి ఏట తీయించాలి. ఏడాది లోపు తీయిద్దామంటే మావ సూరయ్య పోయాడు, ఇంట్లో శుభం చేయకూడదన్నారు. మూడో ఏట రోజు చూసుకుంటే హుద్‌హుద్ తుపాను వచ్చి దారులన్నీ మూసేసింది. అయిదో ఏట జ్వరం వచ్చింది. ఆ జ్వరమే ఇది. అప్పటిదాకా కత్తెర తగలని జుట్టు, నడుం దాకా ఉండేది. రెండు జడలు వేసి రిబ్బన్లతో పైకి మడిచి కట్టేదాన్ని. అప్పన్నకని పెంచిన జుట్టు కీమో పట్టుకుపోయింది. మొక్కు తీరలేదు కాబట్టే ఇదంతా అని అత్త నమ్మకం. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. తిడితే అప్పన్ననే తిడుతుంది, కొన్నాళ్లు ఓపిక పట్టలేకపోయావా అని.

3 మార్చి

వచ్చింది. హేమ తలకు నూనె రాస్తుంటే చెవి వెనక జుట్టు గరుగ్గా తగిలింది.

5 మార్చి

మా వాడలో ఒకరింట్లో పాలు విరిగితే పది ఇళ్లకు తెలుస్తుంది. జుట్టొస్తే తెలియదా? పొద్దున్నుంచి ఒకరి తర్వాత ఒకరు. పక్కింటి గురమ్మ ఎండుచేపలు ఆరబెట్టిన చేతులతోనే హేమ తల నిమిరింది. ఎంట్రుక మొలిచిందంటే లోపల రక్తం ఊరినట్టేనట, ఇంక బెంగ లేదట. అత్త కళ్లు ఒత్తుకుని అందరికీ బెల్లం పెట్టింది. నేనూ తిన్నాను. తినక ఏం చేస్తాను? ఇన్నాళ్లకు అత్త నవ్వింది. జుట్టు ఎందుకు వస్తోందో తెలిసినవాళ్లం ఈ ఇంట్లో ఇద్దరమే.

హేమ దువ్వెన అడిగింది. టెక్కలిలో కొన్న ఎర్ర దువ్వెన, ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. పాపిడి తియ్యమంది. నిమిరితే తప్ప తెలియని జుట్టు మీద పాపిడి తీశాను. అద్దంలో చూసుకుని వంకరగా ఉందంది. మళ్లీ తీశాను.

12 మార్చి

ఇద్దరం అని రాశాను. తప్పు. నేనొక్కదాన్నే.

బావ పండుగప్ప చేప తెచ్చాడు, హేమకని. అది రెండు ముద్దలు తిన్నది. దానికే మనిషి పొంగిపోయాడు. డాక్టర్లు ఒక్కోసారి పొరబడతారు కదా అన్నాడు. సాలూరు లారీ డ్రైవర్ ఒకడి కొడుకును ఇలాగే పంపేస్తే ఇప్పుడు బడికి వెళ్తున్నాడట. ఆ డ్రైవర్‌ను చూశావా అంటే లేదు, ఐస్ దింపడానికి వచ్చినవాడు చెప్పాడట. జుట్టు వస్తోంది కదా అని మెల్లిగా అన్నాడు. నర్సు ఆ మాట అన్నప్పుడు పక్కనే ఉన్నాడు ఈయన. విన్నాడు కూడా.

20 మార్చి

జ్వరం. ఎండకు వచ్చిందని చెప్పాను.

26 మార్చి, ఆదివారం

పెద్ద గొడవ.

ఉగాది లోపు సింహాచలం వెళ్లి హేమకు గుండు చేయించాలని తల్లీ కొడుకులు అనుకున్నారు. నాకు చెప్పకుండానే టెక్కలి నుంచి బొలెరో మాట్లాడేశారు. పుట్టెంట్రుకలు ఎలాగూ పోయాయి, బేసి ఏడాదీ దాటిపోయింది, అయినా తప్పు కాయమని కాళ్లు పట్టుకుంటానంది అత్త. వచ్చిన జుట్టు వచ్చినట్టే ఇచ్చేస్తే పిల్లను వదిలేస్తాడట.

నేను ఒప్పుకోలేదు. ఏడు నెలల్లో ఆ పిల్ల దగ్గర తీసుకున్నవే తప్ప ఇచ్చింది ఏముంది? రక్తం తీసుకున్నారు, వెన్నులో నీరు తీసుకున్నారు. ఇప్పుడు గోరంత జుట్టు వస్తే పొద్దున లేస్తూనే అద్దం అడుగుతోంది. దాన్ని కూడా లాక్కోవాలా? చచ్చినా తీయనివ్వనన్నాను.

బావ ఎప్పుడూ లేనిది గొంతు పెంచాడు. పిల్ల కన్నా దాని ఎంట్రుకలే ఎక్కువా నీకు అన్నాడు. అక్కడ ఓపిక తెగింది నాకు.

"మందు ఆపేసారు కాబట్టి వస్తన్నాది బావా. బాగయ్యి కాదు. నీకు తెల్దేటి?"

అత్త గుమ్మంలోనే ఉంది. హేమ నిద్రపోతోంది, అదొక్కటే అదృష్టం. అత్త కాసేపు నా మొహం, కాసేపు కొడుకు మొహం చూసింది. చీర బిగించి, గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి వెళ్లిపోయింది. మిట్టమధ్యాహ్నం. గంపలో ఒక్క చేప లేదు.

27 మార్చి

ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. హేమ మాత్రం బొమ్మతో మాట్లాడింది.

29 మార్చి

ఉగాదట.

3 ఏప్రిల్

పొద్దున లేచేసరికి అత్త లేదు. గూట్లో మూటా లేదు. బావ రేవంతా వెతికాడు. నాకు చెడ్డ ఆలోచనలన్నీ వచ్చాయి. చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాను. కాదు, మొదటి రోజే చెప్పాల్సింది అని కూడా అనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు ఆటో దిగింది. నెత్తి మీద కొంగు తీసింది. నున్నటి గుండు, దాని మీద గంధం.

ఒక్కతే పేసింజర్ రైలు ఎక్కి సింహాచలం వెళ్లిందట. రాలిన జుట్టు మొక్కు కిందికి రాదని తనకే అనిపించిందట. మనవరాలి బదులు తనే కూర్చుందట. తన జుట్టు కుప్పలో పడ్డాక మూట విప్పి, ఎవరూ చూడకుండా హేమవి కూడా అందులో కలిపేసిందట. ఇంక ఆడికీ మనకీ ఏ బాకీ లేదంది. నేను వెళ్లి పట్టుకుని ఏడ్చాను. తను ఏడవలేదు.

హేమ మాత్రం మామ్మను అలా చూసి భయపడింది. దగ్గరకు రాలేదు కాసేపు. తర్వాత మంచం మీంచే అడిగింది.

"నీకూ ఆ సూది యేసారేటి మామ్మా?"

యేసారమ్మా అంది అత్త.

"బెంగెట్టుకోకు. మల్లీ వస్తాది. నాకొచ్చింది కాదేటి."

ఎర్ర దువ్వెన తీసి మామ్మ చేతిలో పెట్టింది, వచ్చేదాకా ఉంచుకోమని. కాసేపటికి మళ్లీ తీసేసుకుంది.

16 ఏప్రిల్

నిన్నటి నుంచి చేపల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డు మీదే. జూన్ నడిమి దాకా బావ ఇంట్లోనే. ఏటా ఈ రెండు నెలలూ మనిషి కాలు కాలిన పిల్లిలా తిరుగుతాడు. ఈసారి కదలడం లేదు. అరుగు మీద వల బాగు చేస్తుంటే హేమ ఆయన తొడ మీద పడుకుంటుంది. దానికి కాళ్ల ఎముకల్లో నొప్పి. మాత్ర వేస్తే మధ్యాహ్నం దాకా ఊరుకుంటుంది. తర్వాత మూలుగుతుంది. బావ వల కుట్టే చెయ్యి ఆపడు. కుట్టిన కన్నాలే విప్పి మళ్లీ కుడుతున్నాడు.

జుట్టు వేలి కణుపంత అయింది. నల్లగా, ఒత్తుగా. ఒళ్లంతా పాలిపోతుంటే అదొక్కటే ఆరోగ్యంగా పెరుగుతోంది. దువ్వుకోవడం నేర్చేసుకుంది. పాపిడి మాత్రం తనకు రాదు. అక్కడికి వచ్చేసరికి దువ్వెన నాకిస్తుంది.

2 మే

చిగుళ్ల నుంచి రక్తం. నా కొంగులన్నీ మరకలే. అన్నం మానేసింది. గురమ్మ వచ్చి జుట్టు ఎంత బాగా వచ్చిందో అంది. ఆవిడ తప్పేముంది.

తొందరగా అయిపోతే బాగుణ్ణు అని ఈరోజు అనుకున్నాను. రాసేస్తున్నాను. కన్నతల్లిని. నేనే అనుకున్నాను.

6 మే

అద్దం అడగలేదు.

10 మే

నిన్న పోయింది. తెల్లారి, నేను గంజి వారుస్తుంటే. బావ ఒళ్లో ఉంది. నిద్రపోయిందే అన్నాడు. నేను చూసి తెలుసుకున్నాను. చాలాసేపు ఆయన్ను అలాగే నమ్మనిచ్చాను.

స్నానం చేయించాం, అత్తా నేనూ. అత్త తల పట్టుకుంది. ఆవిడ గుండు మీద అప్పుడే తెల్లగా మొలకలు. నేను దువ్వాను. పాపిడి తిన్నగా వచ్చింది. ఇన్నాళ్లలో అంత తిన్నగా ఎప్పుడూ రాలేదు, అది కుదురుగా ఉంటే కదా.

సరుగుడు తోట అవతల ఇసుకలో పెట్టారు. ఆడవాళ్లు వెళ్లకూడదు. గుమ్మం దాకా వెళ్లి దువ్వెన బావ చేతిలో పెట్టాను. చొక్కా జేబులో వేసుకున్నాడు.

24 మే

మట్టిలో పెట్టాక కూడా కొన్నాళ్లు ఎంట్రుక పెరుగుతుందని గురమ్మ అంది. అంతా ఉత్తదే. నాకు తెలుసు.

బావ చొక్కా జేబు చూశాను. దువ్వెన లేదు. దాని పక్కనే పెట్టేసినట్టున్నాడు.

పాపిడి తీసుకోవడం దానికి రాదు.