కొండ చిత్తడిలో ఉల్లంకి గూడు

బావా,

ఇరవై ఏళ్లుగా నీతో మాటల్లేనివాడి ఉత్తరమని చించెయ్యకు. ఈ కొండ చిత్తడిలో ఉల్లంకి పిట్ట గూడు పెట్టదని, నువ్వు అబద్ధాలకోరువని పక్షుల సంఘం పత్రికలో రాసింది నేనే. "ముందు కళ్లద్దాలు మార్చుకోవయ్యా!" అని నువ్వు అందరి ముందూ నవ్వావు. అదీ మరిచిపోలేదు.

ఇప్పుడు బురదలో బోర్లా పడుకుని రాస్తున్నాను. ఇంత ఎత్తులో నడివేసవిలోనూ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. పసుపు పూల మధ్య తల్లి ఉల్లంకి, తూనీగల వెంటపడుతున్న పిల్లలు! నువ్వే నెగ్గావు. ఆ మాట పత్రికలో నేనే రాస్తాను. పది రోజుల్లో ఎగిరిపోతాయి, వెంటనే రా.

అయితే నాలుగు గుడ్లు పెడుతుందన్నావు. పిల్లలు మూడే. అక్కడ మాత్రం గెలుపు నాదే.

నీ బావమరిది

తాజా కలం: నాలుగోది ఇప్పుడే తల్లి రెక్క కింద నుంచి బయటికొచ్చింది. ఛ! తొందరగా రా.